నంబరు రాళ్ల నుంచి పేర్ల గోడ దాకా

1776, 1863. ఒకటి ఇంగ్లీషువాళ్ల నుంచి అమెరికా స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఏడు, రెండోది అక్కడి ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు తమలో తాము కొట్టుకున్న అంతర్యుద్ధపు ఏడు. చిత్తూరు హైస్కూల్లో నల్లబల్ల మీద ఈ రెండు సంవత్సరాలు ఎన్నిసార్లు రాసి ఎన్నిసార్లు చెరిపానో లెక్కలేదు. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుందామని న్యూజెర్సీ వచ్చాను. "ఎక్కడికి పోదామమ్మా, నయాగరాకా?" అని అడిగింది. 1863 యుద్ధం జరిగిన గెటీస్‌బర్గ్ అన్నాను. "అక్కడ పొలాలు తప్ప ఏముంటాయమ్మా?" అంది. ఆ పొలాలే చూడాలని చెప్పాను. ఐదు రోజులు సెలవు పెట్టింది. రోజూ రాత్రి నోటుబుక్కులో రాసుకున్నది ఇది.

మొదటి రోజు: డెలావేర్ ఒడ్డు

పొద్దున ఆరింటికి ఎడిసన్‌లో బయల్దేరాం. నేను, మా అమ్మాయి, పదకొండేళ్ల మనవడు. అల్లుడికి ఆఫీసులో వీలు కాలేదు. పులిహోర, పెరుగన్నం డబ్బాలకెత్తుకున్నాం. గంట తిరక్కముందే డెలావేర్ నది పక్కన దిగాం. ఆ ఊరి పేరే వాషింగ్టన్ క్రాసింగ్.

జూన్ నెలాఖరు. నీళ్లు పల్చగా రాళ్ల మీద గలగలమంటూ పోతున్నాయి. వెడల్పు మూడు వందల గజాలుంటుంది. ఒడ్డున చిన్నపిల్లలు కాళ్లు తడుపుకుంటూ ఆడుతున్నారు. "ఇంతేనా అమ్మమ్మా?" అన్నాడు మనవడు. చెట్టు నీడన కూర్చోబెట్టి ఆ రాత్రి సంగతి చెప్పాను.

1776 డిసెంబరు 25. ఆగస్టు నుంచి దాదాపు అన్నీ ఓటములే. న్యూయార్క్ చేజారింది. న్యూజెర్సీ పొడుగునా వెనక్కి వెనక్కి నడిచి ఈ నది దాటి ప్రాణాలు దక్కించుకున్న జార్జ్ వాషింగ్టన్ సైన్యం అది. చాలామందికి చలికోట్లు లేవు, కొందరి పాదాలకు గుడ్డపేలికలే చెప్పులు. పైగా ఎందరో సైనికుల గడువు డిసెంబరు 31తో తీరిపోతుంది. ఇంకో ఆరు రోజులు ఓపిక పడితే ఎవరింటికి వాళ్లు పోవచ్చు. అట్లాంటి వాళ్లు 2,400 మంది, 18 ఫిరంగులతో, గుర్రాలతో, చీకట్లో ఈ నది దాటారు. నీళ్లలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి. పైనుంచి ముఖం మీద సూదుల్లా గుచ్చే మంచువాన. అర్ధరాత్రికల్లా అందరూ దాటాలని అనుకున్నది, తెల్లవారుజామున మూడు దాటింది. అక్కడి నుంచి శత్రువులు మకాం వేసిన ట్రెంటన్‌కు తొమ్మిది మైళ్ల నడక. దారిలో ఇద్దరు చలికి బిగుసుకుపోయి చనిపోయారు.

తర్వాత ట్రెంటన్‌లో జరిగింది పుస్తకాల్లో ఉన్నదే. బ్రిటిషువాళ్లు కూలికి తెచ్చుకున్న జర్మన్ సైనికులు దాదాపు 900 మంది పట్టుబడ్డారు, వాళ్ల కల్నల్ రాల్ గాయాలతో చనిపోయాడు. అమెరికన్లలో పోరాటంలో ఒక్కరూ చావలేదు. నా మనసు మాత్రం పడవల దగ్గరే ఆగిపోయింది. ఆ పడవలకు అచ్చుగుద్దినట్టు కొత్తవి చేయించి ఇక్కడ షెడ్డులో ఉంచారు. డర్హమ్ పడవలంటారు. ఇనుము మోయడానికి చేసిన సరుకు పడవలు, నలభై అడుగులకు పైనే పొడుగు, నల్లరంగు. వాటిని నడిపింది మార్బుల్‌హెడ్ అనే సముద్రపు పల్లె నుంచి వచ్చిన జాలర్లు. జాన్ గ్లోవర్ వాళ్ల కల్నల్. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఆదివాసులూ ఒకే తెడ్డు మీద చేతులేసిన దళం అది. ఆ రాత్రి మనిషి గాని, ఫిరంగి గాని ఒక్కటి నీళ్లపాలు కాలేదు. కింద ఇంకో రెండుచోట్ల నది దాటాలని ప్రయత్నించిన దళాలు మంచుకు ఓడిపోయాయి. ఇక్కడ దాటగలిగారంటే ఆ జాలర్ల భుజబలమే. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? నేనైతే ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో గ్లోవర్ పేరు చెప్పలేదు. ఈ రోజు సిగ్గుపడ్డాను.

వారం తిరిగేసరికి ట్రెంటన్ మీదికి కసిగా వచ్చాడు బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్. రాత్రికి రాత్రి నెగళ్లు మండేటట్టు వదిలేసి, వాషింగ్టన్ అతని పక్క నుంచి జారుకుని ప్రిన్స్‌టన్‌లో దెబ్బకొట్టాడు. 1781లో యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఈ కార్న్‌వాలిసే తర్వాత మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు, టిప్పు మీద యుద్ధం చేసి 1791లో బెంగళూరు కోట పట్టాడు. ఇంకో సంగతి మా చిత్తూరోళ్లకు ప్రత్యేకం. 1782 ఏప్రిల్‌లో ఈ డెలావేర్ నదే సముద్రంలో కలిసే అఖాతంలో, జాషువా బార్నీ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు చిన్న ఓడతో తనకంటే పెద్ద బ్రిటిష్ ఓడను పట్టేశాడు. ఆ చిన్న ఓడ పేరు హైదర్ అలీ! ఇంగ్లీషువాళ్లను ముప్పుతిప్పలు పెడుతున్న మైసూరు నవాబు పేరు అంతదూరం పాకింది. అదే సంవత్సరం డిసెంబరులో అసలు హైదర్ అలీ మా చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర దండులో కన్నుమూశాడు. మనవడికి ఈ కథ అన్నిటికంటే నచ్చింది. "మన ఊర్లోనా?" అని రెండుసార్లు అడిగాడు.

రెండో రోజు: వ్యాలీ ఫోర్జ్

ఇక్కడ యుద్ధం జరగలేదు. 1777 డిసెంబరు 19న వాషింగ్టన్ సైన్యం దాదాపు 12,000 మంది ఇక్కడికొచ్చి, చెట్లు నరికి, దుంగలతో గుడిసెలు కట్టుకుని ఆరు నెలలున్నారు. మళ్లీ కట్టిన గుడిసెలో నేను లోపలికి పోయి నిలబడ్డాను. పద్నాలుగు అడుగులకు పదహారు. అందులో పన్నెండు మంది. గోడకు మూడంతస్తుల చెక్కబల్లలు, ఒక మూల పొయ్యి. తలుపు వేస్తే పట్టపగలే చీకటి.

ఇక్కడ రెండు వేల మంది దాకా చనిపోయారు, ఒక్కరూ తూటాకు కాదు. సన్నిపాత జ్వరాలు, రక్తవిరేచనాలు. చావులు ఎక్కువైంది కూడా చలి తగ్గాక, మార్చి నుంచి మే లోపల. మశూచి మాత్రం ఈ సైన్యాన్ని మింగేయలేకపోయింది. దానికి కారణం వాషింగ్టన్ 1777 ఫిబ్రవరిలో తీసుకున్న నిర్ణయం. పొక్కులోని చీము తీసి మంచివాళ్ల చేతిమీద గాటుపెట్టి ఎక్కించడం అప్పటి పద్ధతి. కొన్ని వారాలు జ్వరం వస్తుంది, కొందరు పోతారు కూడా. ఎక్కించుకున్న దళం లేవలేని స్థితిలో ఉందని శత్రువుకు తెలిస్తే అంతే సంగతులు. అయినా తెగించాడు. పంతొమ్మిదేళ్ల వయసులో బార్బడోస్‌లో ఆయనకూ అమ్మవారు పోసింది, మచ్చలు ముఖం మీద ఉండిపోయాయి. ఆ బాధ ఎట్లాంటిదో ఒంటితో తెలిసిన మనిషి. చరిత్రలో గుర్రమెక్కి కత్తి దూసిన ధైర్యానికి విగ్రహాలు కడతారు, ఇట్లాంటి నిర్ణయానికి ఎవరు కడతారు? నాకైతే ట్రెంటన్ కంటే ఇదే పెద్దదనిపించింది.

ప్రష్యా నుంచి వచ్చిన ఫాన్ స్టూబెన్ వీళ్లకు కవాతు నేర్పిన మైదానంలో మా వాడు కాసేపు లెఫ్ట్ రైట్ కొట్టాడు. మధ్యాహ్నం పెరుగన్నం తిని బయల్దేరితే రెండు గంటల ప్రయాణం. సాయంత్రానికి గెటీస్‌బర్గ్. మొక్కజొన్న చేలు, ఎర్ర ఇటుకల ఇళ్లు, వరండాల్లో ఊగుడు కుర్చీలు.

మూడో రోజు: గెటీస్‌బర్గ్

ఇక్కడ ఒక మంచి ఏర్పాటుంది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న గైడు మన కారులోనే ఎక్కి, తనే నడుపుతూ యుద్ధభూమంతా తిప్పుతాడు. మాకు వచ్చినాయన డెబ్బై దాటిన పెద్దమనిషి. మనవణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని "నువ్వు మ్యాపు పట్టుకో, కెప్టెన్" అన్నాడు. వాడు సాయంత్రం దాకా ఆ మ్యాపు వదల్లేదు.

1863 జూలై 1 నుంచి 3 దాకా మూడు రోజులు. రెండు వైపులా కలిపి లక్షన్నరకు పైగా సైన్యం, 2,400 మంది ఉండే ఊరి మీద పడింది. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, కనిపించకుండా పోయినవాళ్లు కలిపి దాదాపు 51,000. దక్షిణాది సేనాని లీ ఇక్కడ గెలిచుంటే బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన రాష్ట్రాలు విడిగానే ఉండిపోయేవేమో.

లిటిల్ రౌండ్ టాప్ గుట్ట ఎక్కాం. మా చంద్రగిరి కొండల్లో లాగే పెద్ద పెద్ద బండలు. యుద్ధం రెండో రోజు సాయంత్రం ఈ గుట్ట ఎడమ అంచు కాపాడింది ఉత్తరాది వైపున్న మెయిన్ రాష్ట్రపు ఇరవయ్యో దళం. దాని కల్నల్ జాషువా చేంబర్లిన్ కాలేజీ పంతులు. ముప్పై నాలుగేళ్లవాడు, అంతకు ఏడాది ముందు దాకా పిల్లలకు భాషా పాఠాలు చెప్పుకుంటున్నవాడు. దక్షిణాది వైపు అలబామా దళం మళ్లీ మళ్లీ ఎగబాకింది. చివరికి ఇవతల తూటాలు అయిపోయాయి. వెనక్కి తగ్గితే సైన్యం పక్క మొత్తం తెరుచుకుంటుంది. తుపాకీ కొనకు కత్తులు బిగించుకుని కిందికి దూకమన్నాడు. దూకారు. అంచు నిలబడింది. పంతుళ్లలో ఇట్లాంటివాడు ఒకడున్నాడని తెలిసినందుకు నాకు కడుపు నిండింది.

అదే సాయంత్రం అక్కడికి మైలు దూరంలో ఉత్తరాదిదే, మిన్నెసోటా మొదటి దళం. లైనులో ఖాళీ పడింది, వెనక నుంచి సాయం చేరడానికి కొన్ని నిమిషాలు కావాలి. ఆ నిమిషాలు సంపాదించడానికి 262 మందిని ఎదురు పంపారు. 215 మంది పడిపోయారు. మిగిలిన 47 మంది లైనులోనే ఉన్నారు, తప్పిపోయినవాడు ఒక్కడూ లేడు. ఈ లెక్క వాళ్ల స్మారకం మీద చెక్కి ఉంది. గైడు ఆ మాట చదివి కాసేపు మాట్లాడలేదు.

యుద్ధం మూడో రోజు, దక్షిణాది సేనాని పికెట్ దండయాత్ర జరిగిన మైదానంలో మేం నడిచాం. దక్షిణాది సైనికులు 12,500 మంది ఈ బట్టబయలులో, ఎదురుగా ఫిరంగులుండగా, దాదాపు మైలు నడిచారు. సగానికి పైగా నేల కూలారు లేదా దొరికిపోయారు. వాళ్లు పోరాడింది ఏ అన్యాయం కోసమో నాకు తెలుసు. ఆ చేలో నడుస్తుంటే వాళ్ల అమ్మలు గుర్తుకు రాకుండా పోలేదు.

గైడు దిగిపోయాక, మధ్యాహ్నం మేం ముగ్గురం ఊళ్లో తిరిగాం. యుద్ధం జరిగినప్పుడు చనిపోయిన ఒకే ఒక్క ఊరి మనిషి జెన్నీ వేడ్. ఇరవై ఏళ్ల పిల్ల. సైనికుల కోసం రొట్టెపిండి పిసుకుతుంటే రెండు తలుపులు దూసుకుని తూటా వచ్చి తగిలింది. ఆ ఇంటి తలుపు తూటు అట్లాగే ఉంది.

ఎవర్‌గ్రీన్ శ్మశానం గేటు దగ్గర ఒక ఆడమనిషి కంచు విగ్రహం చూశాను. గర్భిణి. పారతో, అలసిపోయి నిలబడింది. ఎలిజబెత్ థార్న్. శ్మశానం కాపలాదారు భార్య. మొగుడు సైన్యంలోకి పోతే ఆ పని ఈమె చూసుకుంటోంది. యుద్ధం అయిపోయేసరికి ఆరో నెల. జూలై ఎండ, రాతినేల, కుళ్లుతున్న శవాలు, వేల కొద్దీ చచ్చిన గుర్రాలు. సాయానికి వచ్చినవాళ్లు ఆ వాసనకు తట్టుకోలేక వెళ్లిపోయారు. ముసలి తండ్రితో కలిసి ఆమె దాదాపు వంద గుంతలు తవ్వి, వంద మందిని మట్టిచేసింది. దానికి జీతం మీద ఒక్క డాలరు అదనంగా ఇవ్వలేదు. విగ్రహం కూడా 2002లో గాని రాలేదు. గర్భిణి శ్మశానం గడప తొక్కగూడదంటారు మన దగ్గర. విగ్రహం పాదాల దగ్గర ఎవరో పెట్టిన గులకరాళ్లున్నాయి. నేనూ ఒకటి పెట్టాను.

ఆ పక్కనే సైనికుల జాతీయ శ్మశానం. 1863 నవంబరు 19న లింకన్ రెండే రెండు నిమిషాలు మాట్లాడింది ఈ శ్మశానాన్ని అంకితం చేసేటప్పుడే. రాళ్లన్నీ అర్ధచంద్రాకారంలో నేలకు సమానంగా పరిచి ఉన్నాయి. రాష్ట్రాలవారీగా పేర్లు. కొంచెం పక్కకు జరిగితే పేర్లు ఆగిపోతాయి. జానెడు తెల్లరాళ్లు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. 3,500 మందికి పైగా ఉన్న ఈ శ్మశానంలో 979 మంది ఎవరో తెలీదు. మనవడు వంగి నంబర్లు చదవడం మొదలుపెట్టాడు. 114, 115... వద్దులేరా అన్నాను, ఎందుకో.

న్యూయార్క్ వరసలో మేం వెతుకుతున్న రాయి దొరికింది. ఏమస్ హ్యూమిస్టన్, సార్జెంటు. ఈయన కూడా నంబరుగా మిగలాల్సినవాడే. మొదటి రోజు పోరులో పడిపోయాడు. ఊళ్లోనే ఒక సందులో శవం దొరికింది. పేరు తెలిపే కాగితం ఏదీ లేదు. చేతిలో మాత్రం ముగ్గురు పిల్లల ఫోటో, గాజు మీద తీసింది. పోయే ప్రాణం దాన్ని చూస్తూ పోయిందన్నమాట. ఆ ఫోటో ఫిలడెల్ఫియా డాక్టరు ఒకాయనకు చేరింది. అప్పట్లో పత్రికల్లో ఫోటోలు అచ్చువేసే సాధనం లేదు. అందుకని 1863 అక్టోబరులో పత్రికలో మాటల్లో వర్ణించారు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. చిన్నవాడు ఎత్తుకుర్చీలో మధ్యలో, చెరోపక్క అన్నా అక్కా. పెద్దవాడి చొక్కాయి గుడ్డా, ఆడపిల్ల గౌను గుడ్డా ఒకటే.

ఆ చివరి వాక్యం దగ్గర నా కళ్లు నీళ్లతో నిండాయి. సంక్రాంతికి మా నాయన ఒకే తాను గుడ్డ తెచ్చేవాడు. అన్నకు చొక్కా, నాకు గౌను, మిగిలిన ముక్కతో తమ్ముడికి జుబ్బా. ఏ దేశంలోనైనా చేతిలో డబ్బు తక్కువున్న ఇంట్లో పిల్లల్ని గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి గుర్తు ఉంటుందా? ఆ వర్ణన ఒక పత్రిక నుంచి ఇంకో పత్రికకు పోయి, న్యూయార్క్ రాష్ట్రంలో పోర్ట్‌విల్ అనే చిన్న ఊరికి చేరింది. ఫిలిండా హ్యూమిస్టన్‌కు గెటీస్‌బర్గ్ తర్వాత మొగుడి దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఆ ఫోటో తనే పంపింది. ఫ్రాంక్, ఆలిస్, ఫ్రెడ్డీ. ఆ గుడ్డ తనకు తెలిసిన గుడ్డే. నవంబరులో డాక్టరు పంపిన నకలు చేతికొచ్చేదాకా ఆమె ఎట్లా గడిపిందో తలుచుకోలేకపోయాను.

మా ఇంట్లో ఇట్లాంటి ఫోటో లేదు. మా చిన్నతాత, అంటే తాతకు సొంత తమ్ముడు, ఇంగ్లీషువాళ్ల పటాలంలో చేరి 1942లో పోయాడు. బర్మాలో 1944లో కనిపించకుండా పోయాడని టెలిగ్రాం వచ్చిందట. ముత్తవ్వ పోయేదాకా పోస్టుమేన్ సైకిల్ గంట వినబడితే గడప దగ్గరికొచ్చి నిలబడేదని మా నాయన చెప్పేవాడు. రంగూన్ దగ్గర టాక్యాన్‌లో సమాధి దొరకని సైనికుల పేర్లు దాదాపు 27,000 ఒకే కట్టడం మీద చెక్కి ఉన్నాయి. ఆ జాబితాలో ఆయన పేరు ఉందని నాలుగేళ్ల కిందట తెలిసింది. అప్పటికి ఇంట్లో ఆయన ముఖం గుర్తున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు.

పొద్దు గూకే వేళకు లింకన్ శ్మశానానికి కూడా పోయాం. ఊరి నల్లవాళ్ల శ్మశానం. యుద్ధానికి ముందే ఈ ఊరి నల్లవాళ్లు చాలామంది పారిపోయారు, దొరికినవాళ్లను లీ సైన్యం దక్షిణానికి పట్టుకుపోయి బానిసలుగా మార్చింది. పొలాల్లో పాతిన వేల శవాలను తవ్వి తీసి జాతీయ శ్మశానానికి చేర్చింది తిరిగొచ్చిన బేసిల్ బిగ్స్, ఆయన కింద పనిచేసిన నల్లజాతి కూలీలు. కానీ అదే అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు తర్వాత కన్నుమూస్తే, ఆ జాతీయ శ్మశానంలో చోటు దొరక్క దాదాపు ముప్పై మంది ఇక్కడున్నారు. గేటు మూసే ముందు ఒక్కొక్క రాయి దగ్గర ఆగి పేరు పైకి చదివాం.

నాలుగో రోజు: యాంటీటమ్

గంట ప్రయాణం, మేరీలాండ్‌లో షార్ప్స్‌బర్గ్ ఊరు. గెటీస్‌బర్గ్ జనంతో కిటకిటలాడుతుంటే ఇక్కడ గాలి చప్పుడే వినబడుతుంది. 1862 సెప్టెంబరు 17న ఒక్క రోజులో ఈ చేలలో 23,000 మంది దాకా పడిపోయారు లేదా గాయపడ్డారు. అమెరికా చరిత్రలో అంత నెత్తురు పారిన రోజు ఇంకొకటి లేదు.

బండ్లు తిరిగి తిరిగి గుంతపడ్డ బాట ఒకటుంది. మన ఊళ్లలో పాత బండిబాటలు ఇట్లాగే ఉంటాయి, రెండు పక్కలా మనిషెత్తు గట్టు. దక్షిణాదివాళ్లు ఇందులో దాక్కుని కాల్చారు. తర్వాత పక్క నుంచి చుట్టుముట్టేసరికి అదే వాళ్లకు గొయ్యి అయింది. మూడు గంటల్లో రెండు వైపులా కలిపి దాదాపు 5,500 మంది. నెత్తుటి బాట అని పేరు పడింది. మనవడు బాటలో దిగి రెండడుగులు వేసి, వెనక్కొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఈ చేలోనే ఒక సరుకుల బండితో క్లారా బార్టన్ దిగింది. నలభై ఏళ్ల మనిషి, అంతకుముందు బడిపంతులమ్మ, తర్వాత గుమస్తా. డాక్టర్ల దగ్గర కట్టుగుడ్డలు అయిపోయి మొక్కజొన్న పొత్తు తొక్కలతో గాయాలు కడుతున్నారు అప్పటికి. గాయపడ్డవాడి తల ఎత్తి నీళ్లు తాగిస్తుంటే ఆమె చొక్కాచేతిలోంచి తూటా దూసుకుపోయి వాడికి తగిలింది. ఆ చిరుగును ఎప్పటికీ కుట్టుకోలేదట.

ఈ యుద్ధం జరిగిన ఐదో రోజు, సెప్టెంబరు 22న, లింకన్ బానిసల విముక్తి గురించి మొదటి ప్రకటన చేశాడు. గెలుపు ఒకటి చేతికి రావాలని ఆ కాగితం సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ చేలోనే దొరికింది అది.

ఐదో రోజు: వాషింగ్టన్

ఏడో వీధిలో మూడో అంతస్తు. మెట్లు ఎక్కేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. యుద్ధం ముగిశాక క్లారా బార్టన్ ఇక్కడ కూర్చుని తప్పిపోయిన సైనికుల జాడ వెతికింది. 63,000కు పైగా ఉత్తరాలొచ్చాయి, 22,000 మందికి పైగా ఏమయ్యారో కనిపెట్టి ఇళ్లకు రాసింది. ఆమె పోయాక ఈ గదుల్ని అందరూ మరిచిపోయారు. 1990ల్లో భవనం కూలగొట్టే ముందు చూడ్డానికి పోయిన వడ్రంగికి పైకప్పు సందులోంచి ఒక కవరు కనబడింది. అటక మీద వెతికితే "తప్పిపోయిన సైనికుల కార్యాలయం, మూడో అంతస్తు, 9వ గది" అన్న రేకు బోర్డు దొరికింది. ఇప్పుడది గోడకు ఉంది. ఆ ఉత్తరాలు రాసినవాళ్లలో ఎంతమంది తల్లులో! మా ముత్తవ్వకు ఇట్లాంటి గది ఒకటుందని తెలిసుంటే, చదువు రాకపోయినా ఎవరితోనైనా రాయించి పంపేది.

బార్టన్‌కు సాయపడిన కుర్రాడు డొరెన్స్ ఆట్‌వాటర్. దక్షిణాదివాళ్లకు ఖైదీగా దొరికి, ఆండర్సన్‌విల్ జైలు శిబిరంలో చావుల పద్దు రాసే పని చేశాడు. తిండిలేక, నీళ్లు బాగాలేక రోజుకు పదుల కొద్దీ పోతున్నారు. ఈ పద్దు ఎప్పటికైనా మాయమవుతుందని అనుమానం వచ్చి, రహస్యంగా ఇంకో కాపీ రాసుకున్నాడు. దాదాపు 13,000 పేర్లు. విడుదలయ్యాక కోటు లోపలి పొరలో కుట్టుకుని బయటికి తెచ్చాడు. 1865లో ఆ జాబితా పెట్టుకుని బార్టన్‌తో కలిసి అక్కడికి పోతే, గుర్తు తెలియని సమాధులు 460 మాత్రం మిగిలాయి. ఈ పద్దు దగ్గరే తర్వాత ప్రభుత్వంతో తగాదా పడి జైలుక్కూడా పోయాడు, పేర్లు మాత్రం అచ్చువేయించాడు. ఐదు రోజుల్లో నేను విన్న సాహసాల్లో నాకు అన్నిటికంటే దగ్గరైంది ఈ కుర్రాడిది. పట్టుబడితే తన పేరు కూడా ఆ పద్దులోనే చేరేది.

యూ స్ట్రీట్ దగ్గర నల్లజాతి సైనికుల స్మారకం. మెరిసే స్టీలు పలకల మీద 209,145 పేర్లు, దళాలవారీగా. మసాచుసెట్స్ 54వ దళం పలక వెతుక్కుని చూశాం. 1863 జూలై 18న ఫోర్ట్ వాగ్నర్ మీద దాడిలో, విలియం కార్నీ ఒళ్లంతా గాయాలైనా జెండా నేల తాకనివ్వకుండా తెచ్చాడు. ఆయనకు పతకం 1900లో ఇచ్చారు, ముప్పై ఏడేళ్ల తర్వాత. అదే దళం ఇంకో యుద్ధం కూడా చేసింది. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇస్తూ, వీళ్లకు 10 ఇచ్చి అందులో 3 బట్టలకని కోసుకునేవారు. తక్కువ జీతం ముట్టుకోబోమని చెప్పేశారు. తేడా మేం కలుపుతామని రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. ఇంట్లో పెళ్లాంపిల్లలు పస్తులుంటున్నా దాదాపు ఏడాదిన్నర జీతం లేకుండా పోరాడారు. 1864 జూన్‌లో సమాన జీతం చట్టం వచ్చింది.

సాయంత్రం వియత్నాం గోడ, ఆ యుద్ధంలో పోయిన అమెరికా సైనికుల పేర్లు చెక్కింది. 1981లో పోటీ పెడితే 1,421 నమూనాలొచ్చాయి. ఎవరిదేదో తెలియకుండా నంబర్లేసి చూశారు. గెలిచింది 1026. అది గీసింది మాయా లిన్, ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థిని, చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ. నల్లరాయి ఏంటి, విగ్రహం లేకపోవడమేంటి, ఈ పిల్ల ఎవరు అని ఎన్ని మాటలన్నారో. ఆ అమ్మాయి తన గీత మార్చుకోలేదు. ఆ యుద్ధం సరైందని నేనెప్పుడూ పాఠం చెప్పలేదు, ఇప్పుడూ అనను. అయినా 58,000కు పైగా పేర్లు, ఏ రోజు పోయినవాళ్లు ఆ రోజు వరసలో, హోదాలు లేకుండా ఉంటే, మాట రాదు. ప్రతి పేరు పక్కన చిన్న గుర్తు. చనిపోయాడని తేలితే వజ్రం ఆకారం, జాడ లేకపోతే కూడిక గుర్తు. ఏళ్ల తర్వాత అస్థికలు దొరికితే ఆ కూడిక మీదే వజ్రం చెక్కుతారు.

ఈ రాయి బెంగళూరు నుంచి వచ్చింది. అరచెయ్యి ఆనించాను. పగటి ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. కుప్పం వైపు క్వారీల దగ్గర బస్సు దిగి బండ మీద కూర్చుంటే సాయంత్రం ఇట్లాగే వెచ్చగా ఉంటుంది.

మా పక్కన ఒక ముసలాయన కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు కావలసిన పేరు కింది వరసలో ఉంది, మోకాళ్లు వంగడంలేదు. మా అమ్మాయి అడిగితే తలూపాడు. నేను కాగితం పైన పట్టుకున్నాను, మనవడు మోకాళ్ల మీద కూర్చుని పెన్సిలు పక్కవాటంగా రుద్దాడు. తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. ఆయన కాగితాన్ని మడవకుండా, గొట్టంలా చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. మా వాడి తల నిమిరి వెళ్లిపోయాడు.

వాడి చేతిలో పెన్సిలూ, చిన్న కాగితం ముక్కా మిగిలాయి.

"అమ్మమ్మా, బర్మాలో తప్పిపోయిన తాత పేరేంది?"

చెప్పాను. వాడికి తెలుగు రాయడం రాదు. పచ్చిక మీద కూర్చున్నాం. నేను గాల్లో వేలితో ఒక్కో అక్షరం రాసి చూపిస్తే, వాడు కాగితం తొడ మీద పెట్టుకుని, నాలుక కొన పళ్ల మధ్య బిగబట్టి, గీస్తూ పోయాడు.